చిన్న దుకాణమునకు చిన్న వీడియో

ఏ కాలమునకు తగిన దండోరా ఆ కాలమున నుండును. మన పెద్దల కాలమున ఒక వార్త ఊరిలో అందఱకును తెలియవలసి యున్నచో డప్పు మ్రోగించి చాటెడివారు. గాజుల మలారము భుజమున వేసికొని వీధివీధి తిరుగు వర్తకుడు తన కంఠమునే ప్రకటనగా చేసికొనెడివాడు. పిదప కరపత్రములు వచ్చినవి, గోడవ్రాతలు వచ్చినవి, సినిమాహాలులో ఆట మొదలగుటకు ముందు తెరమీద చూపు స్లైడులు వచ్చినవి. నేడు ఆ డప్పును, ఆ కంఠమును, ఆ కరపత్రమును ఒక్క సెల్‌ఫోనులో ఇమిడిపోయినవి. అరనిమిషపు వీడియో ఒకటి తీసి లోకమునకు పంపుట ఇప్పుడు పదేండ్ల బాలునకును చేతనైన పని. అయినను చేతనగుట వేఱు, చక్కగా చేయుట వేఱు.

ఈ వ్యాసమును వ్రాయుటకు కారణము కలదు. మన విద్యార్థులలో పెక్కుమంది తల్లిదండ్రులు చిన్న వర్తకముల వలననే కుటుంబమును నడుపుకొనుచున్నారు. ఒకరిది కుట్టుపని, ఒకరిది కిరాణా దుకాణము, ఒకరిది ఇస్త్రీ బండి, ఒకరిది పిండివంటల వ్యాపారము. ఇంటిలో ఫోను మర్మములు తెలిసినవారు తఱచుగ పిల్లలే యగుటచే "మన దుకాణమునకు ఒక వీడియో చేయరాదా" యని పెద్దలు వారినే యడుగుచున్నారు. అట్టి పిల్లలకును, వారి తల్లిదండ్రులకును ఉపయోగపడునట్లు మేము చూచినదియు, తెలిసికొన్నదియు ఇచ్చట విశదపఱచుచున్నాము.

మొదట ఈ చోటి సంగతి చెప్పవలెను. గాజులరామారము మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో కుత్బుల్లాపూర్ ప్రాంతమున నున్నది. సమీపముననే జీడిమెట్ల పారిశ్రామికవాడ. చుట్టును షాపూర్‌నగర్, సూరారము, చింతల్ మొదలగు పేటలు. పరిశ్రమలలో పని కొఱకు తెలంగాణ జిల్లాలనుండియు, ఆంధ్ర జిల్లాలనుండియు, ఉత్తరదేశమునుండియు వచ్చి నిలిచిన కుటుంబము లిచ్చట అనేకము. ఇట్టి చోట ప్రక్క వీధిలో ఎవరేమి యమ్ముచున్నారో మనకు తెలియదు. పల్లెయందు సకినాలు ఎవరి చేతిమీద బాగుగా వచ్చునో ఊరంతయు నెఱుగును. ఇచ్చట రెండు వీధుల కావల నున్నవారికే తెలియదు. ఈ తెలియమిని పోగొట్టుటయే చిన్న వీడియో చేయవలసిన పని. దేశమంతయు మనలను చూచి చప్పట్లు కొట్టవలె నను కోరికతో మొదలుపెట్టిన యెడల ఆ పని చెడిపోవును.

వస్తువును పొగడుటకంటె చూపుట మేలను సూత్రము క్రొత్తది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము తయారీ నెలకొల్పిరి. ఆ లేపనము నెవరును ఎఱుగని దినములలో సంగీతసభలకు వచ్చినవారికి దానిని ఉచితముగ పంచిపెట్టిరని ప్రసిద్ధి. తలనొప్పికి ఇది మంచిదని వేయిమార్లు చెప్పుటకంటె ఒకమారు నుదుట రాచికొననిచ్చుట ఎక్కువ పని చేసినది. తరువాత 1908లో ఆంధ్రపత్రికను స్థాపించిన మహనీయుడును వారే. పత్రిక నడిపిన ఆయనయే వస్తువును మనుష్యుల చేతికిచ్చుట యెంత ముఖ్యమో ముందుగా గ్రహించెను. మన సకినమును ఫోనులోనుండి చూపరుల నోటి కందింపజాలము గదా! కాని అది చేతివ్రేళ్లలో తిరుగుటను, నూనెలో పొంగుటను, విఱిచినప్పుడు టపుక్కుమనుటను చూపగలము, వినిపింపగలము. చిన్న వీడియోకు గల బలమంతయు ఇదియే.

ఇక ఈ వీడియోల చరిత్రను కొంచెము చెప్పుదుము. 2005 ఏప్రిల్ 23వ తేదీన యూట్యూబులో చేరిన మొట్టమొదటి వీడియో పందొమ్మిది సెకనులది. జంతుప్రదర్శనశాలలో ఏనుగుల యెదుట నిలిచి ఒక యువకుడు రెండు మాటలు చెప్పుటయే అందలి విషయము. అనగా ఈ విద్య పుట్టుకతోనే కురుచది. కొన్ని యేండ్ల తరువాత టిక్‌టాక్ అను యాప్ మన దేశమున విశేషముగ వ్యాపించెను. 2020 జూన్ 29వ తేదీన భారత ప్రభుత్వము నిషేధించిన 59 యాప్‌లలో అదియు నొకటి. ఆ మఱుసటి మాసముననే ఇన్‌స్టాగ్రామ్‌వారు రీల్స్ అను పేరితోను, సెప్టెంబరులో యూట్యూబువారు షార్ట్స్ అను పేరితోను మన దేశమున చిన్న వీడియోలకు చోటు కల్పించిరి. తొలుత ఈ రెండును అఱువది సెకనులకు మించక యుండెడివి. ఇప్పుడు రెండింటను మూడు నిమిషముల వఱకు పెట్టవచ్చును. చోటున్నది గదా యని నింపనక్కఱలేదు. సంచి పెద్దదైనంత మాత్రమున సరకు పెరుగదు.

టిక్‌టాక్ నిలిచిపోయిన సంగతిలో వర్తకులకు ఒక పాఠము కలదు. దానియందు వేలమంది అనుచరులను సంపాదించుకొన్నవారు ఒక్కనాటిలో వారినందఱను పోగొట్టుకొనిరి. యాప్ మనది కాదు. అందు మనము బాడుగకు కూర్చున్నవారము, అదియు యజమాని యెప్పుడు లెమ్మనునో తెలియని బాడుగ. కావున మన గిరాకీల పేర్లను, ఫోను నంబర్లను వారి సమ్మతితో ఒక కాగితపు పుస్తకమున వ్రాసి యుంచుకొనుట మంచిది. ఆ పుస్తకము ఏ నిషేధమునకును చెడదు.

వీడియో ఎట్లు వ్యాపించును అను ప్రశ్న పలువు రడుగుదురు. దాని పద్ధతి స్థూలముగ నిట్టిది. క్రొత్త వీడియోను యాప్ మొదట కొద్దిమందికి చూపును. వారు చివరివఱకు చూచిరా, మధ్యనే వ్రేలితో త్రోసివైచిరా, మఱియొకరికి పంపిరా అను విషయములను లెక్కించును. చూచినవారు ఎక్కువైనచో ఇంకను కొందఱికి చూపును. త్రోసినవారు ఎక్కువైనచో మూల బెట్టును. కావున మొదటి రెండు మూడు సెకనులే ప్రాణము. సంతలో గంపలోని మంచి పండును పైన పెట్టునట్లు, వీడియోలో మంచి దృశ్యమును మొదటనే పెట్టవలెను.

మేమెఱిగిన యొక కుటుంబము కథ చెప్పిన ఈ విషయములన్నియు తేటపడును. ఈ ప్రాంతముననే ఒక తల్లి ఇంటియొద్ద సకినాలు, అప్పాలు, మురుకులు, అరిసెలు చేసి అమ్ముచుండును. సంక్రాంతి దినములలో కొంత బేరము కలదు. తక్కిన మాసములలో తక్కువ. తొమ్మిదవ తరగతి చదువు ఆమె కుమారుడు ఎంతో శ్రద్ధతో ఒక వీడియో చేసెను. అందు మొదట దుకాణపు పేరు మెఱయుచు తిరిగెను. పిమ్మట సినిమాపాట వినిపించెను. పిమ్మట దేవతాదీపము వలె కాంతులు చిమ్ముచు పళ్లెములోని పిండివంటలు కనబడెను. చివరికి ఫోను నంబరు క్షణకాలము తోచి మాయమయ్యెను. నిడివి ఒకటిన్నర నిమిషము. బంధువులు చూచి మెచ్చుకొనిరి. ఒక్కరును ఫోను చేయలేదు. బాలుడు చిన్నబోయి మాయొద్దకు వచ్చి కారణ మడిగెను.

మేము ఆ యింటికి పోయి ఆ తల్లి పనిచేయుటను చూచితిమి. నానబెట్టిన బియ్యమును పిండి పట్టించి, అందు నువ్వులు, వాము, ఉప్పు కలిపి ముద్ద చేసినది. నేలమీద శుభ్రమైన తెల్లగుడ్డ పఱచినది. పిమ్మట ముద్దను చేత పట్టుకొని బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను మెలిపెట్టుచు, చుట్టుమీద చుట్టుగా సకినమును త్రిప్పినది. ఆ వ్రేళ్ల నేర్పు చూచి మేము కదలలేకపోతిమి. తడి కొంచెము లాగువఱకు గుడ్డమీదనే ఉంచి, పిదప మరుగు నూనెలోనికి జాఱవిడిచినది. ఇంత చక్కని పని కండ్లయెదుట జరుగుచుండగా, వీడియోలో దానిని మాత్రమే చూపలేదు! దుకాణపు పేరును చూచుటకు ఎవరు వత్తురు? ఆ వ్రేళ్లను చూచుటకు ఎవరైనను నిలుతురు.

రెండవమారు బాలుడు మా మాటమీద అయిదు చిన్న దృశ్యములు తీసెను. ఒకటి, సకినము చుట్టు వ్రేళ్లు, అతి సమీపమునుండి. రెండు, తెల్లగుడ్డ నిండ వరుసగా పేర్చిన చుట్లు. మూడు, నూనెలో పొంగుట. నాలుగు, చల్లారిన సకినమును రెండుగా విఱుచుట. అయిదు, త్రాసులో తూచి పొట్లము కట్టుట. దానిపైన అరకిలో వెల, వీధి గుర్తు, ఫోను నంబరు. ఒక్కొక్కటి నాలుగైదు సెకనులు. మొత్తము ఇరువదినాలుగు సెకనులు. పాట లేదు. నూనె చిటపటలును, సకినము విఱిగిన చప్పుడును, చివర ఆ తల్లి గొంతుతో రెండు మాటలును మాత్రమే. చూచినవారి సంఖ్య గొప్పది కాదు. కాని ఆ వారమున ఆఱుగురు ఫోను చేసిరి. ఆ యార్గురును నడచి రాగల దూరమున నున్నవారే.

తీయు విధమునుగూర్చి కొన్ని సూచనలు. ఫోను అద్దమును మెత్తని గుడ్డతో తుడువవలెను. వంటింటి ఫోనుమీద నూనెపొర తప్పక యుండును, అందుచేత చిత్రము మసకబారును. రీలునకును షార్టునకును ఫోనును నిలువుగా పట్టవలెను. వెడల్పు తొమ్మిది పాళ్లయిన ఎత్తు పదునాఱు పాళ్లుండునది వాని చట్రము. వెలుగు కొఱకు దీపములు కొననక్కఱలేదు. ఉదయమున కిటికీ ప్రక్కన పని పెట్టుకొని, వెలుగు పనిమీద పడునట్లు, మన వీపు వెనుకనుండియో ప్రక్కనుండియో వచ్చునట్లు చూచుకొనవలెను. కిటికీకి ఎదురుగ తీసిన యెడల వస్తువు నల్లబడును. చేయి వణకకుండుటకు బియ్యపుడబ్బా మీద నాలుగు పుస్తకములు పేర్చి ఫోనును ఆనించిన చాలును. తీయునప్పుడు పంకాను, టి.వి.ని నిలుపవలెను, కుట్టుమిషను చప్పుడు, నూనె చప్పుడు, కత్తెర చప్పుడు వంటి పనిచప్పుడులను మాత్రము ఉండనీయవలెను. పలువురు శబ్దము లేకుండ వీడియో చూతురు గనుక ముఖ్యమైన మాటలను పెద్ద అక్షరములతో తెరమీద వ్రాయవలెను. ఆ వ్రాతను అడుగు అంచునగాని కుడి అంచునగాని పెట్టరాదు; యాప్ గుర్తులు దానిని కప్పివేయును.

వెలను దాచుట కొందఱు వర్తకుల యలవాటు. "వెల కొఱకు సందేశము పంపుడు" అని వ్రాయుదురు. పేద కుటుంబపు ఇల్లాలు ఆ మాట చూచి, ఇది మనకు అందని వస్తువు కాబోలునని వెనుదిరుగును. వెలను, తూకమును, దొరకు వేళను స్పష్టముగ వ్రాయుట మర్యాదయు, లాభమును గూడ. అట్లే "హైదరాబాదు" అని వ్రాయుటకంటె "గాజులరామారము" అని వ్రాయుట మేలు. మహానగరమున హైదరాబాదన్న మాటకు అర్థమే లేదు. ఉప్పలునందున్నవాడు సకినముల కొఱకు ఇంత దూరము రాడు. చిత్తారమ్మ జాతరకు వచ్చువారికి తెలియునట్లు గుర్తు చెప్పిన చాలును.

భాషనుగూర్చియు ఒక మాట. వీడియోలో మాటలాడునప్పుడు మన పిల్లలు టి.వి. వార్తలు చదువువారివలె స్వరము మార్చుదురు. అది అక్కఱలేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన 'మై విలేజ్ షో' అను యూట్యూబు ఛానలు పేరు మీరు వినియే యుందురు. అందు కనబడు మిల్కూరి గంగవ్వ పొలముపని చేసికొని బ్రదికిన పల్లెటూరి స్త్రీ. ఆమె తన యింటి తెలంగాణ మాటనే మాటలాడెను. ఆ మాటకే లక్షలమంది తెలుగువారు చెవి యొగ్గిరి. ఆ తల్లి సకినముల వీడియోలోను "మా ఇంట్ల చేసినయి, వచ్చి సూడుండ్రి" అను రెండు మాటలే ఉండెను. మే మిట్లు గ్రాంథికముగ వ్రాయుచున్నను, వర్తకమునకు ఆ మాటయే తగినదని ఒప్పుకొనుచున్నాము. ఇచ్చట హిందీ మాటలాడు కుటుంబములును కలవు గనుక, వెలను చోటును తెలుపు వ్రాతను రెండు భాషలలో ఉంచుట మంచిది.

ఇంతవఱకు బాగున్నది. ఇక జరిగిన పొరపాటును దాచక చెప్పవలెను. ఆఱుగురు వచ్చినందుకు ఉత్సాహపడిన బాలుడు మూడవ వీడియో మాకు చూపక, తల్లికిని చెప్పక పెట్టెను. ఇతరుల వీడియోలలో చూచిన మాటనొకదానిని తీసికొని "స్వచ్ఛమైన నేతితో చేసినవి" అని తెరమీద వ్రాసెను. సకినాలు చేసినది పల్లీనూనెతో. రెండు దినములకు సూరారమునుండి ఒక ముసలమ్మ మనుమని వెంటబెట్టుకొని వచ్చెను. సకినమును నోట వేసికొని "బిడ్డా, నెయ్యి వాసన రాదేమి?" అనెను. ఆ తల్లికి ఏమియు తోచలేదు. "పల్లీనూనెనే అమ్మా, నెయ్యి అని ఎవరన్నరు?" అనెను. మనుమడు ఫోను తీసి చూపెను. ముసలమ్మ కోపపడలేదు, కొనలేదు, మఱల రాలేదు.

ఆ సాయంకాలము తల్లి కుమారుని కొట్టలేదు, తిట్టలేదు. "బిడ్డా, మన చేతిపని మంచిగుంటే చాలదా? లేని నెయ్యి ఎందుకు పోస్తివి?" అని మాత్రము అడిగెను. బాలుడు తక్షణమే వీడియోను తీసివేసెను. కాని అది అప్పటికే వాట్సాప్‌లో చేతులు మాఱినది. మఱి రెండు వారముల వఱకు నేతి సకినాలు కావలెనని ఫోనులు వచ్చుచునే యుండెను. ప్రతిమారును ఆ తల్లి "నెయ్యి కాదమ్మా, పల్లీనూనె" అని చెప్పవలసి వచ్చెను. అబద్ధమును తుడిచివేయుటకు ఫోనులో ఒక గుర్తు కలదు గాని, చూచినవారి మనస్సునుండి తుడుచుటకు ఏ గుర్తును లేదు.

ఈ విషయమున ధర్మమే కాదు, చట్టమును గలదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము తప్పుదారి పట్టించు ప్రకటన చేసినవారికి, దానిని సమర్థించి చెప్పినవారికి గూడ, పది లక్షల రూపాయల వఱకును, మఱల చేసినచో యాబది లక్షల వఱకును జరిమానా విధింపవచ్చును. ధనము తీసికొనియో, వస్తువులు ఉచితముగ పుచ్చుకొనియో ఒకరి సరకును వీడియోలో మెచ్చుకొనువారు ఆ సంగతిని స్పష్టముగ చెప్పవలెనని 2023 జనవరిలో కేంద్రప్రభుత్వము సూచనలు వెలువరించినది. ఆహారపదార్థము లమ్మువారు ఆహారభద్రతా సంస్థవారియొద్ద నమోదు చేయించుకొని పదునాలుగు అంకెల సంఖ్యను పొందవలెను. అది పొట్లముమీదను వీడియోలోను కనబడిన యెడల కొనువారికి ధైర్యము కలుగును. సినిమాపాటలు ఇతరుల సొత్తు. వర్తకపు వీడియోకు అనుమతి లేక వానిని వాడుకొనుట తగదు. కృత్రిమ మేధతో కల్పించిన వంటల బొమ్మలను మన వంటలని చూపుటయు, లేని నేతిని పోయుటయు ఒక్కటే.

జనము రాకపోవుట ఒక కష్టము. అధికముగ వచ్చుట మఱియొక కష్టము. మాదాపురములో ఐ.టి.సి. కోహినూరు హోటలు సమీపమున దారిప్రక్కన భోజనములు అమ్ము దాసరి సాయికుమారిగారిని లోకము 'కుమారి ఆంటీ' యని యెఱుగును. 2011 నుండి ఆమె అన్నము, కోడికూర, మాంసపుకూర వండి తెచ్చి పనివారికి, ఉద్యోగులకు వడ్డించుచుండెను. ఆమె గిరాకీలతో మాటలాడు తీరును ఎవరెవరో వీడియో తీసి పంచుటచే 2024 జనవరి నాటికి ఆమె పేరు తెలుగునాట మాఱుమ్రోగెను. తినుటకు వచ్చినవారు కొందఱు, వీడియో తీయుటకు వచ్చినవారు కొందఱు. దారిలో వాహనములు నిలిచిపోయెను. జనవరి నెలాఖరున రాకపోకల పోలీసులు ఆ బండిని నిలిపివైచిరి. పిమ్మట ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు ఆమెను అచ్చటనే అమ్ముకొననీయవలసినదని చెప్పుటచే మఱల వడ్డన సాగెను. ఈ కథలో ఆమె దోషము లేదు. వీడియోలు తీసినది ఆమె కాదు. అయినను పదుమూడేండ్లు నిశ్శబ్దముగ సాగిన జీవనోపాధి, కీర్తి వచ్చిన కొద్ది దినములలో చిక్కున పడినది. ముఖ్యమంత్రి మాట అందఱకును తోడు రాదు గదా!

కావున వీడియో పెట్టుటకు ముందే లెక్క వేసికొనవలెను. ఆ తల్లి ఒక్కచేతిమీద దినమునకు ఎనిమిది కిలోలకంటె సకినాలు చేయలేదు. వంద మంది యడిగిన యెడల తొంబదిమందిని ఒట్టిచేతులతో పంపవలసి వచ్చును. లేదా పచ్చిగా వేయించి పేరు చెడగొట్టుకొనవలసి వచ్చును. "నేటి సరకు ముగిసినది, ఎల్లుండికి చెప్పి పెట్టుకొనవచ్చును" అను మాటను వీడియో క్రింద వ్రాయుటకు సిగ్గుపడనక్కఱలేదు. వీధిలో బండ్లు నిలుపు చోటున్నదా, ఇరుగుపొరుగువారికి ఇబ్బంది కలుగునా అనియు ఆలోచింపవలెను.

వచ్చినవారితో మాటలాడు తీరు వీడియోకంటె ముఖ్యము. 2025 ఏప్రిల్ మాసమున రాజమహేంద్రవరమునకు చెందిన ఒక పచ్చళ్ల వ్యాపారము, వీడియోల వలననే పేరు తెచ్చుకొన్నది, ఒక్క ప్రత్యుత్తరము వలన అల్లరిపాలయ్యెను. వెల ఎక్కువని యడిగినవానికి దుర్భాషలతో పంపిన సందేశము బయట పడుటయే అందుకు కారణము. వెల యడుగుట కొనువాని హక్కు. "మాకు ఇంత ఖర్చగుచున్నది, అందుచేత ఈ వెల" అని చెప్పుట అమ్మువాని మర్యాద.

పిల్లలకు ప్రత్యేకముగ మూడు మాటలు. మొదటిది, ఖాతా తల్లిదండ్రుల పేర నుండవలెను. పదుమూడేండ్లు నిండనివారికి ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెఱచుటకు అనుమతి లేదు. రెండవది, గిరాకీల ముఖములను వారి నడుగక తీయరాదు. మీ పాఠశాల దుస్తులు, ఇంటిలోని చిన్నబిడ్డలు, తాళము వేసిన తలుపు వీడియోలో పడనీయరాదు. మూడవది, పెద్ద బేరము పేరుతో మోసగించువారు కలరు. "యాబది కిలోలు కావలెను, ధనము పంపుచున్నాము, ఈ గుర్తును స్కాన్ చేసి పిన్ కొట్టుడు" అని చెప్పుదురు. మనకు ధనము వచ్చుటకు పిన్ ఎన్నడును అక్కఱలేదు. పిన్ కొట్టినచో ధనము మనయొద్దనుండి పోవును. ఈ యొక్క మాటను ప్రతి విద్యార్థియు నేడే ఇంటిలో చెప్పవలెను.

ఎన్ని వీడియోలు పెట్టవలెను, ఫలిత మెట్లు తెలియును? వారమునకు ఒకటి రెండు చాలును. అన్నియు ఒక్కతీరున ఉండనక్కఱలేదు. ఒకవారము సకినాలు, ఒకవారము బియ్యము ఏరుట, ఒకవారము పొట్లము కట్టుట. ఒక నోటుపుస్తకములో నాలుగు గడులు గీయవలెను: తేది, వీడియో విషయము, ఫోను చేసినవారు, కొన్నవారు. చూచినవారి సంఖ్యను వ్రాయనక్కఱలేదు. ఆ సంఖ్య మనస్సును ఉబ్బించును గాని ఉప్పునైనను కొనిపెట్టదు. ధనమిచ్చి అనుచరులను కొనుమని చెప్పువారి మాట అసలే వినరాదు. కొన్న అనుచరుడు సకినము తినడు. రెండు మాసముల తరువాత గడులను చూచిన యెడల ఏ వీడియో పనిచేసినదో పుస్తకమే చెప్పును. ఏదియు పనిచేయనిచో దోషము వీడియోలో కాక సరకులోనో, వెలలోనో ఉండవచ్చును, దానిని దిద్దుకొనవలెను.

ఆ తల్లి దుకాణము నేడును ఇంటి వసారాలోనే యున్నది. పెద్ద అంగడి కాలేదు. పండుగ లేని మాసములలోను వారమునకు కొన్ని కిలోల బేరము జరుగుచున్నది. పాత గిరాకీల పేర్లు నోటుపుస్తకములో నలుబది దాటినవి. బాలుడిప్పుడు ప్రతి వీడియోను పెట్టుటకు ముందు తల్లికి చూపును. ఆమె అక్షరము చదువలేదు. కుమారుడే తెరమీది వ్రాతను బిగ్గఱగా చదివి వినిపించును. చివరి వరుస ఎప్పుడును ఒక్కటియే: "పల్లీనూనెతో చేసినవి." ఆమె విని తల యూపిన పిదపనే అతడు గుర్తుమీద వ్రేలు వేయును.

విద్యార్థులారా! మీ యింటను ఇట్టి పని యొకటి జరుగుచుండవచ్చును. ఈ సెలవులలో ఒక ఉదయము కూర్చుండి మీ తల్లి చేతులను, మీ తండ్రి చేతులను శ్రద్ధగా చూడుడు. ఏ క్షణమున మీ కన్ను వానిపై నిలిచిపోవునో, ఆ క్షణమునే తీయుడు. పెట్టుటకు ముందు వారికి చదివి వినిపించుడు.